పొగ పెట్టెకు వేడి కాపలా



మన గంజాం తీరంలో తెలుగు మత్స్యకార కుటుంబాలు చేపను నిలవ చేయడానికి తరతరాలుగా నమ్ముకున్నవి రెండు: ఒకటి ఉప్పు, రెండోది ఎండ. మనం ఎండుచేప అంటాం, ఒడియా వాళ్లు శుఖువా అంటారు. పేరేదైనా పని ఒక్కటే. మూడో పద్ధతి ఒకటుంది. అది పొగ. లక్షద్వీప్‌లో సూర చేపను ఉడికించి, పొగబెట్టి, ఎండబెట్టి మాస్మిన్ అనే సరుకు తయారు చేస్తారు. ఈశాన్య రాష్ట్రాల్లో పొయ్యి మీద అటక కట్టి చేపకు పొగ పట్టిస్తారు. కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ ఊరివాళ్లు కలిసి వాడుకునే పొగ కొలిమిని కూడా రూపొందించింది.

ఇటీవల మన వైపు కూడా మహిళా బృందాలు, చిన్న వ్యాపారం పెట్టాలనుకునే కుర్రాళ్లు కరెంటుతో నడిచే పొగ పెట్టెల గురించి అడుగుతున్నారు. రేకుతో బీరువా లాంటి పెట్టె, అడుగున హీటరు, దాని మీద చెక్కముక్కల పళ్లెం, పైన చేపలు పేర్చే జల్లెడ తట్టలు, నెత్తిన చిన్న పొగగొట్టం. పెట్టె ఇంతే. దీన్ని మంచి వెల్డరు ఎవరైనా చేసి ఇవ్వగలడు. చిక్కంతా వేడి దగ్గర వస్తుంది. హీటరుకు వెలగడమే తెలుసు, ఎక్కడ ఆగాలో తెలియదు. దాన్ని ఆపి, మళ్లీ వెలిగించే సాధనాన్ని టెంపరేచర్ కంట్రోలర్ అంటారు. దాన్ని కొనుక్కోవాలా, చేసుకోవాలా, కొంటే ఏది కొనాలి అన్నదే ఈనాటి ప్రసంగ విషయం. నేను డిగ్రీలు అన్నప్పుడల్లా సెల్సియస్ డిగ్రీలని గ్రహించండి.

ముందుగా అసలు అంత ఖచ్చితమైన వేడి ఎందుకో చూద్దాం. ఈ మాట అన్నప్పుడు ఒక చేపల పెద్దమ్మ నన్నే నిలదీసింది. "మాస్టారూ, మా అత్త పెనం మీద సెయ్యి పెట్టి సెగ సూసీది. ఏ మిషనూ లేదు. మాకెందుకండీ ఇయ్యన్నీ?" అంది. "అమ్మా, మీ అత్తగారు వండింది ఆ పూట ఇంట్లో వాళ్లు తినడానికి. మీరు చేసేది నలుగురికి అమ్మడానికి. పైగా పెనం సెగ చేతికి తెలుస్తుంది గాని, చేప ముల్లు దగ్గర ఎంత వేడి ఉందో ఏ చేతికీ తెలియదు" అన్నాను. ఆవిడ ఒప్పుకుంది. మీరూ ఒప్పుకుంటారనే అనుకుంటాను.

చేపకు పొగ పట్టించడం మూడు అంచెల పని. మొదటి అంచెలో 30 డిగ్రీల దరిదాపుల్లో ఒక అరగంట ఉంచి, పైతడి ఆరనివ్వాలి. రెండో అంచెలో 50 డిగ్రీల దగ్గర మరో అరగంట దట్టంగా పొగ పట్టించాలి. మూడో అంచెలో పెట్టెలో వేడిని 80 డిగ్రీల వరకు పెంచి చేపను లోపలిదాకా ఉడకనివ్వాలి. మొదట్లోనే 80 డిగ్రీలు పెట్టేస్తే పైచర్మం గట్టిపడి తలుపు వేసినట్టు అవుతుంది. లోపలి నీరు బయటికి రాదు. పైకి బంగారు రంగులో చక్కగా కనిపిస్తుంది, లోపల పచ్చిగా, తడిగా ఉంటుంది.

ప్రమాదం అక్కడే ఉంది. 5 డిగ్రీల నుంచి 60 డిగ్రీల వరకు ఉండే వేడి సూక్ష్మజీవులు పెరగడానికి అనువైనది. అందుకని పొగ పెట్టెలో పెట్టిన చేప నాలుగు గంటల లోపల ఆ హద్దు దాటిపోవాలి. వేడి పొగ పద్ధతిలో చేప మందంగా ఉన్న చోట, నడిమధ్యన, కనీసం 63 డిగ్రీలు వచ్చి, అరగంట పాటు అలాగే నిలవాలి. ఇది అమెరికా ఆహార నియంత్రణ సంస్థ మార్గదర్శకాల్లో ఉన్న లెక్క. మనమూ పాటించదగ్గ లెక్క.

ఇంకో సంగతి. సూర, కానాగంత, కవళ్లు వంటి చేపల్ని ఐసు లేకుండా ఉంచితే వాటిలో హిస్టమీన్ అనే విషపదార్థం పుడుతుంది. ఒకసారి పుట్టాక అది పొగకూ పోదు, ఉడికించినా పోదు. తిన్నవాళ్లకు ఒళ్లు ఎర్రబడుతుంది, దద్దురు లేస్తుంది, తల పగిలిపోతుంది. కాబట్టి ఎంత గొప్ప కంట్రోలరు కొన్నా చెడిన చేపను అది బాగుచేయదు. ఐసు ఖర్చు మిగుల్చుకుని మిషను కొనడం తెలివైన పని కాదు.

ఇక కంట్రోలరు ఎలా పనిచేస్తుందో చూద్దాం. మన ఇంట్లో ఇస్త్రీ పెట్టె ఉంది కదా. కాసేపు దీపం వెలుగుతుంది, 'టిక్' మని ఆరిపోతుంది, మళ్లీ కాసేపటికి వెలుగుతుంది. లోపల రెండు లోహపు పట్టీలను అతికించి పెట్టి ఉంటారు. వేడికి ఒకటి ఎక్కువ సాగుతుంది, ఒకటి తక్కువ సాగుతుంది. దాంతో పట్టీ వంగి కరెంటు తెగిపోతుంది. చల్లారితే మళ్లీ నిటారు అవుతుంది. ఇలాంటి పట్టీతో చేసిన సాధనానికి స్కాట్లండ్‌కు చెందిన ఆండ్రూ యూర్ 1830లో పేటెంటు తీసుకున్నాడు, థర్మోస్టాట్ అనే పేరూ ఆయన పెట్టిందే. అంతకు రెండు వందల ఏళ్ల ముందే, 17వ శతాబ్దం మొదట్లో, కోర్నేలిస్ డ్రెబెల్ అనే డచ్చివాడు కోడిగుడ్లు పొదిగే పెట్టెకు వేడిని అదుపు చేసే ఏర్పాటు చేశాడు. అంటే ఈ సాధనం పుట్టిందే మనలాంటి వాళ్ల పని కోసం.

ఎంత కొత్త కంట్రోలరైనా అందులో మూడు పనులే జరుగుతాయి. వేడిని కనిపెట్టడం ఒకటి, ఎంత ఉండాలో పోల్చి చూడటం రెండు, కరెంటును తెంచడం లేదా కలపడం మూడు. అంగట్లో దొరికే సరుకును ఈ మూడు పనుల ప్రకారం పరీక్షిస్తే మోసపోము.

అంగట్లో మనకు పనికొచ్చేవి మూడు రకాలు.

మొదటిది కేపిలరీ థర్మోస్టాట్. ఓవెన్లలో, గీజర్లలో వాడతారు. ఒక రాగి బుడ్డి, దానికి సన్నని గొట్టం, చివర తిప్పే బుడిపె. బుడ్డిలో ద్రవం వేడికి వ్యాకోచించి మీట నొక్కుతుంది. ఎలక్ట్రానిక్ భాగాలేవీ లేవు, కాబట్టి లో వోల్టేజికీ ఉరుములకూ భయపడదు. లోపమేమంటే వేడి చాలా డిగ్రీలు అటూ ఇటూ ఊగుతుంది. బుడిపె మీద 80 అని ఉన్నంత మాత్రాన పెట్టెలో 80 ఉందని నమ్మకూడదు.

రెండోది అంకెలు చూపే డిజిటల్ కంట్రోలరు. 80 అని పెడితే 80 దగ్గర ఆపుతుంది, 78కి దిగితే వెలిగిస్తుంది. ఆ రెండు డిగ్రీల తేడాను మనమే నిర్ణయించుకోవచ్చు. కోడిపిల్లల ఇంక్యుబేటర్లలో వాడేది ఈ జాతిదే. దీన్ని కొనేటప్పుడు దాని గరిష్ఠ హద్దు ఎంతో అడగండి. ఎస్‌టీసీ-1000 అనే పేరుతో దొరికే రకం 99 డిగ్రీల వరకే చూపుతుంది. హీటరు పొరపాటున ఆగకపోతే పెట్టెలో వేడి అంతకు మించి పోతుంది, అప్పుడు అంకె చూసి మనం తెలుసుకోలేము. చేపకైతే సర్దుకోవచ్చు. కోడిమాంసం కోసం 110, 120 డిగ్రీలు పెట్టాలనుకునేవాళ్లకు ఇది బొత్తిగా పనికిరాదు.

మూడోది పీఐడీ కంట్రోలరు. మొదటి రెండూ బండివాడు ఎద్దుల్ని అదిలించడం, పగ్గం లాగడం తప్ప మరేదీ ఎరగనట్టు పనిచేస్తాయి. పీఐడీ అలా కాదు. గమ్యం ఎంత దూరంలో ఉంది, ఎంత వేగంగా దగ్గరవుతోంది, ఇంతవరకు ఎంత తక్కువ పడింది అన్న మూడు లెక్కలు చూసుకుంటుంది. 80 దగ్గరపడుతుండగానే హీటరుకు కరెంటును తగ్గించి, ఒక్కో సెకను, రెండేసి సెకన్లు చొప్పున అందిస్తుంది. ఓడ చుక్కాని తిప్పడానికి నికొలాయ్ మినోర్‌స్కీ 1922లో రాసిన సిద్ధాంతం దీనికి మూలం.

పొగ పెట్టెలో పీఐడీకి ఒక ప్రత్యేకమైన లాభం ఉంది. చాలా పెట్టెల్లో చెక్కముక్కల పళ్లెం హీటరు మీదే ఉంటుంది. మామూలు థర్మోస్టాట్ అయితే, హీటరు చాలాసేపు వెలిగినప్పుడు చెక్క భగ్గున మండుతుంది, చాలాసేపు ఆరినప్పుడు పొగే ఉండదు. మనకు కావలసింది మంట కాదు, రాజుకునే పొగ. కరెంటు చిన్నచిన్న విడతలుగా వెళ్తే చెక్క నిదానంగా రాజుకుంటుంది. ఇదే ఫలితం తక్కువ ఖర్చులో కావాలంటే, చెక్కకు వేరే చిన్న హీటరు పెట్టి, పెద్ద హీటరును మాత్రమే కంట్రోలరుకు కలపండి. అప్పుడు రెండో రకం కంట్రోలరు చాలు. చెక్క విషయంలో ఒక మాట. జిగురు కారే చెక్క, రంగు వేసిన చెక్క, ప్లైవుడ్ ముక్కలు వాడకండి. వాటి పొగలో విషాలుంటాయి.

ఇప్పుడు వేడిని కనిపెట్టే తీగ సంగతి. దీన్నే సెన్సారు అంటారు. చవక కంట్రోలర్లలో ఎన్‌టీసీ అనే రకం ఉంటుంది. 25 డిగ్రీల దగ్గర దాని నిరోధం పదివేల ఓములు, 100 డిగ్రీల దగ్గర వెయ్యికి లోపు. పీటీ-100 అనే ప్లాటినం రకానికి 0 డిగ్రీల వద్ద 100 ఓములు, 100 డిగ్రీల వద్ద 138.5 ఓములు. మూడోది కె-రకం థర్మోకపుల్. ఒక దాని బదులు మరొకటి తగిలిస్తే కంట్రోలరు పిచ్చి అంకెలు చూపుతుంది. కంట్రోలరుకు ఏ రకం సరిపోతుందో పెట్టె మీద చదివే కొనండి. సెన్సారుకున్న వైరు మీద కూడా దృష్టి పెట్టండి. మామూలు పీవీసీ వైరు 70 డిగ్రీల వరకే తట్టుకుంటుంది. పెట్టె లోపలికి వెళ్లే ప్రతి వైరూ సిలికాన్ రబ్బరు తొడుగుదో, టెఫ్లాన్ తొడుగుదో, గాజునూలు అల్లినదో కావాలి.

సెన్సారును ఎక్కడ పెట్టాలి? హీటరు మీద కాదు, రేకు గోడకు ఆనించి కాదు, చేపనూనె కారే చోట కాదు. మధ్య తట్ట ఎత్తులో, చేపలకు బెత్తెడు దూరంలో గాలిలో వేలాడాలి. వారానికోసారి దాని మీద పేరుకున్న మసి, జిడ్డు తుడవండి. మసి పట్టిన సెన్సారు వేడిని ఆలస్యంగా గుర్తిస్తుంది, ఈలోగా పెట్టెలో వేడి మించిపోతుంది. దీనితోపాటు చేప లోపల గుచ్చి చూసే థర్మామీటరు ఒకటి విడిగా ఉండాలి. గాలిలో 80 ఉన్నంత మాత్రాన చేపలో 63 ఉందని అర్థం కాదు.

ఇక లెక్కలకు వద్దాం. పది కిలోల చేపకు 1,500 వాట్ల హీటరు పెట్టామనుకోండి. 230 వోల్టుల దగ్గర అది ఆరున్నర ఆంపియర్ల కరెంటు లాగుతుంది. మన ఇళ్లలో చిన్న ప్లగ్గు 6 ఆంపియర్లది. దానికి తగిలిస్తే కరిగిపోతుంది. 16 ఆంపియర్ల పెద్ద ప్లగ్గు, రెండున్నర చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు వాడండి. కంట్రోలరు మీద 10 ఆంపియర్లు అని రాసి ఉన్నా, దాని లోపలి చిన్న రిలే మీద రోజంతా ఈ భారం వేయకండి. మధ్యలో ఒక కాంటాక్టరు పెడితే బరువు అది మోస్తుంది, కంట్రోలరు ఆజ్ఞ ఇస్తుంది.

పీఐడీ తీసుకుంటే కాంటాక్టరు బదులు సాలిడ్ స్టేట్ రిలే అనేది వస్తుంది. చప్పుడు ఉండదు, అరగడం ఉండదు. కొనేముందు ఆ పీఐడీకి రిలే అవుట్‌పుట్ ఉందా, సాలిడ్ స్టేట్ రిలేను నడిపే అవుట్‌పుట్ ఉందా అని అడిగి తీసుకోండి. చూడటానికి రెండూ ఒకేలా ఉంటాయి. ఈ రిలే ఆరున్నర ఆంపియర్ల దగ్గర సుమారు 8 వాట్ల వేడిని తనలోనే పుట్టిస్తుంది. కాబట్టి అల్యూమినియం పలక మీద బిగించి గాలి తగిలేలా పెట్టాలి.

శ్రోతలారా, ఇప్పుడు చెప్పేది శ్రద్ధగా వినండి. సాలిడ్ స్టేట్ రిలే పాడైనప్పుడు తరచుగా కరెంటు కలిసిపోయిన స్థితిలోనే ఉండిపోతుంది. కాంటాక్టరు మొనలు కూడా ఒక్కోసారి అతుక్కుపోతాయి. అప్పుడు కంట్రోలరు 'ఆపు' అన్నా హీటరు ఆగదు. లోపల చేపనూనె, చెక్క, వేడి మూడూ ఉన్నాయి. ఇల్లు అంటుకోవడానికి ఇంకేం కావాలి? అందుకని హీటరు వైరులోనే, కంట్రోలరుతో ఏ సంబంధమూ లేకుండా, విడిగా ఒక థర్మల్ కటౌట్ పెట్టాలి. వేడి ఒక హద్దు దాటగానే అదే తెంపేస్తుంది, మనం చేత్తో నొక్కితే తప్ప మళ్లీ కలవదు. కొన్ని వందల రూపాయల వస్తువు. ఏది మానుకున్నా ఇది మానుకోవద్దు.

అలాగే ఎర్తింగు. ఇది రేకు పెట్టె. వాడేవాళ్ల చేతులు ఉప్పునీటితో తడిసి ఉంటాయి, కాళ్లు తడినేల మీద ఉంటాయి. మూడో పిన్ను నిజంగా భూమికి కలిసిందో లేదో తెలిసిన ఎలక్ట్రీషియన్ చేత పరీక్ష చేయించండి. 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ తప్పకుండా పెట్టించండి. కంట్రోలరు ఆపేసిందని చెయ్యి పెట్టకండి, ప్లగ్గు పీకి చెయ్యి పెట్టండి. కంట్రోలరు డబ్బాను పెట్టెకు దూరంగా, మూత ఉన్న ప్లాస్టిక్ పెట్టెలో గోడకు బిగించండి. సముద్రపు గాలి రాగిని పచ్చబరుస్తుందని మీకు నేను చెప్పనక్కరలేదు.

కొన్న కంట్రోలరు నిజం చెబుతోందా లేదా ఇంట్లోనే చూసుకోవచ్చు. ఐసు ముక్కలు దంచి కొంచెం నీళ్లు పోసి, సెన్సారు మొన ముంచండి. 0 దగ్గరకు రావాలి. తర్వాత మరిగే నీళ్లలో ముంచండి. సముద్రతీరంలో 100 దగ్గరకు రావాలి. కోరాపుట్‌లో వినే శ్రోతలు గమనించాలి, అక్కడ సుమారు 870 మీటర్ల ఎత్తు, నీళ్లు 97 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. అది కంట్రోలరు తప్పు కాదు. తేడా ఉంటే ఎంతో రాసిపెట్టుకుని, కంట్రోలరులో ఉన్న సవరణ మీటతో సరిచేయండి. ఆ తర్వాత చేప లేకుండా, తట్టల్లో నీళ్ల గిన్నెలు పెట్టి ఒక పూట నడపండి. ఐదేసి నిమిషాలకోసారి అంకె రాయండి. ఇంట్లో ఎనిమిదో తరగతి చదివే పిల్ల ఉంటే గ్రాఫు కాగితం మీద గీసిపెడుతుంది. ఆ గీత ఎక్కడ ఎగిరిందో, ఎక్కడ పడిందో చూస్తే పెట్టె గుణం మీకే తెలిసిపోతుంది.

మన ఊళ్లలో సాయంత్రాల వేళ లైను చివరి ఇళ్లకు వోల్టేజి పడిపోవడం ఉంది. 230 ఉండవలసింది 180కి పడితే హీటరు శక్తి ఐదో వంతు తగ్గుతుందనుకుంటాం. కాదు. వర్గం చొప్పున తగ్గుతుంది. 1,500 వాట్ల హీటరు 920 వాట్ల దగ్గరకు దిగిపోతుంది. పెట్టె వేడెక్కడానికి గంటలు పడుతుంది, నాలుగు గంటల గడువు అక్కడే గడిచిపోతుంది. కాబట్టి ఉదయం పూటే పని పెట్టుకోండి. మధ్యలో కరెంటు పోతే తలుపు తీయకండి. వచ్చాక మొదట చేప లోపలి వేడి చూడండి, గడియారం చూడండి. గడువు దాటిపోతే ఆ సరుకు అమ్మవద్దు. నష్టమే, కాని మనిషి ప్రాణం కన్నా ఎక్కువ కాదు.

కరెంటు ఖర్చు కూడా చూద్దాం. పది కిలోల చేపను వేడిచేసి అందులోంచి రెండు కిలోల నీరు ఆవిరి చేయడానికి నిజంగా కావలసింది సుమారు ఒకటీ ముప్పావు యూనిట్లు. 1,500 వాట్ల హీటరు నాలుగు గంటలు ఆగకుండా వెలిగితే ఆరు యూనిట్లు. మిగిలింది గోడల్లోంచి, గొట్టంలోంచి పోతుంది. రెండు రేకుల మధ్య గాజుదూది కూరి, తలుపు సందులు మూసి, కంట్రోలరు సక్రమంగా పెడితే ఆ వృథాలో మంచి భాగం మిగుల్చుకోవచ్చు.

మరి కొనడమా, చేసుకోవడమా? నా సలహా ఇది. పెట్టెను చేయించుకోండి, కంట్రోలరును కొనుక్కోండి. ఎలక్ట్రానిక్స్ మీద ఆసక్తి ఉన్న పిల్లలు ఎల్‌ఎం-35 అనే చిన్న భాగంతో, డిగ్రీకి 10 మిల్లీ వోల్టుల చొప్పున కొలిచే కంట్రోలరు తయారు చేయవచ్చు. చేయాలి కూడా. కాని దాన్ని 12 వోల్టుల బల్బుతో చేసి సైన్సు ప్రదర్శనలో పెట్టాలి. 230 వోల్టుల హీటరుకు, తడిచేతుల మధ్య, దాన్ని కలపకూడదు. కొద్ది పరిమాణంలో మొదలుపెట్టేవాళ్లకు డిజిటల్ కంట్రోలరు, కాంటాక్టరు, విడి కటౌట్ చాలు. పని పెరిగి, రోజూ ఒకే రంగు, ఒకే రుచి కావాలన్నప్పుడు పీఐడీకి వెళ్లండి.

చివరగా ఒక హెచ్చరిక. ఇలా పొగబెట్టిన చేప ఎండుచేప కాదు. లోపల తడి ఉంటుంది. దాన్ని బుట్టలో పెట్టి సంతల వెంట తిప్పకూడదు. త్వరగా చల్లార్చి, ఐసులోనో ఫ్రిజ్‌లోనో ఉంచి, కొద్ది రోజుల్లో అమ్మేయాలి. గాలి తీసిన ప్లాస్టిక్ సంచిలో వేసి బయట ఉంచడం మరీ ప్రమాదం. గాలి లేని చోట పెరిగే బొటులినం అనే క్రిమి విషం ప్రాణాంతకం, పైకి వాసన కూడా రాకపోవచ్చు. అమ్మకానికి దిగేముందు ఆహార భద్రతా శాఖ వద్ద నమోదు చేయించుకోవడం కూడా మరవకండి.

కంట్రోలరు మీ బదులు కాపలా కాస్తుంది. అయితే ఆ కాపలావాడు మెలకువగా ఉన్నాడో లేడో చూసుకోవలసింది మీరే. పని మొదలుపెట్టే ప్రతి అక్కచెల్లెలికీ, ప్రతి తమ్ముడికీ మేలు జరగాలని కోరుకుంటూ సెలవు తీసుకుంటాను.